వైద్య విద్యార్థుల నిద్ర, బరువు

మన సంఘం ఉపకార వేతనంతో ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి ఈసారి రెన్యువల్‌కు వస్తే మేము వెంటనే గుర్తుపట్టలేకపోయాం. ఏడాదిన్నరలో 11 కిలోలు పెరిగాడు. "రాత్రి రెండింటి దాకా చదువుతాను సార్. మెస్ తొమ్మిదికే మూసేస్తారు. ఆకలేస్తే బయట పరోటాయో, ఫ్రైడ్ రైసో తింటాం. పొద్దున క్లాసుకు ఆలస్యమవుతుందని టిఫిన్ మానేస్తాం" అన్నాడు.

ఇది తిండియావ కాదు. మన ఒంట్లో ఆకలి పుట్టించే గ్రెలిన్, కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ అనే హార్మోన్లున్నాయి. 2004లో ప్రచురితమైన షికాగో విశ్వవిద్యాలయ పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరుసగా 2 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. 10 గంటలు పడుకున్నప్పటికంటే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదికే వారి మనసు పోయింది. అది చిన్న పరిశోధనే. బరువుకు నిద్రలేమి ఒక్కటే కారణమనీ అనలేం. గంటలకొద్దీ కూర్చోవడం, ఆటలు లేకపోవడం, వేళ కాని తిండి దానికి తోడవుతాయి.

భారతీయులకు బి.ఎం.ఐ. 23 చేరితేనే అధిక బరువుగా లెక్కిస్తారు. తక్కువ బరువుకే మధుమేహం వచ్చే స్వభావం మన ఒంటికి ఉండడమే అందుకు కారణం. పైగా చదివింది గట్టిపడేది నిద్రలోనే. యువకులకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఇషా తరువాత ముచ్చట్లు మాని పడుకొని ఫజ్ర్‌కు లేవడం, మధ్యాహ్నం కాసేపు ఖైలూలా తీయడం మన ఇళ్లలో ఉన్న అలవాట్లే.

మరి ఎందుకంతసేపు మేల్కొంటున్నావని అడిగాం. "ఒక్క సబ్జెక్టు పోయినా వేతనం ఆపేస్తారేమోనని భయం సార్" అన్నాడు. మా ఫారం తీసి చూసుకున్నాం. అందులో మార్కుల గడి తప్ప ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

అందుకే దాతలకు రెండు మనవులు. ఒక సబ్జెక్టు తప్పినంత మాత్రాన వేతనం ఆపవద్దు. రాత్రిపూట పాలు, గుడ్లు, పండ్లు, వేయించిన శనగల కోసం నెలకు కొంత కలిపి ఇవ్వండి. మీరు చదివించే పిల్లలకు ఫోన్ చేసినప్పుడు మార్కులు అడిగే ముందు "వేళకు పడుకుంటున్నావా బేటా?" అని అడగండి. రేపు మన రోగులను చూడవలసినవాళ్లు ఇప్పుడే రోగులు కాకూడదు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.