ఖిదిర్‌పూర్ ట్రామ్‌కు బ్యాటరీ లేదు

1902 మార్చి 27న కలకత్తాలో తొలి విద్యుత్ ట్రామ్ ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కు నడిచింది. అంతవరకూ నగరంలో ట్రామ్ బండ్లను గుర్రాలు లాగేవి, కొన్నాళ్లు ఆవిరి ఇంజన్లతోనూ ప్రయోగాలు చేశారు. మైదాన్ చెట్ల మధ్య నుంచి రేవు ప్రాంతానికి వెళ్లే ఆ మార్గం తర్వాతి కాలంలో 36వ నంబరు ట్రామ్‌గా పేరుపొందింది. 2020 మేలో ఆంఫన్ తుఫాను వచ్చాక ఆ సేవ ఆగిపోయింది. బాగుచేయడానికి కావలసింది డబ్బు. విద్యుత్ రవాణాకు కేంద్రం వేల కోట్లు కేటాయించిన కాలమే అది. అయినా ఆ డబ్బు ట్రామ్ వైపు ఎందుకు రాలేదు?

జవాబు నిధులు పంచే పద్ధతిలో ఉంది. 2019లో మొదలైన ఫేమ్ రెండో దశలో ఎలక్ట్రిక్ బస్సుల కోసం నగరాలు పోటీ పడ్డాయి. 26 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 86 ప్రతిపాదనలు వచ్చాయి. మొత్తం 14,988 బస్సులు అడిగితే మంజూరైనవి 5,595. సాయాన్ని లెక్కకట్టింది బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి: ఒక్కో కిలోవాట్-అవర్‌కు 20 వేల రూపాయలు, పెద్ద బస్సుకు గరిష్ఠంగా 55 లక్షలు. 250 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉంటే 50 లక్షలు వస్తాయి. ట్రామ్ కరెంటును తీగ నుంచి నేరుగా తీసుకుంటుంది, బ్యాటరీ మోయదు. ఈ కొలమానంతో దానికొచ్చేది సున్నా. అసలు ఆ పథకం రూపొందిందే రోడ్డు మీది మోటారు వాహనాల కోసం.

భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది కాస్త విడ్డూరమే. సమతల మార్గంలో 10 టన్నుల బరువును ఒకే వేగంతో నడపడానికి, గాలి నిరోధాన్ని పక్కనపెడితే, ఉక్కు పట్టాల మీద 10 నుంచి 20 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. తారురోడ్డు మీద రబ్బరు టైర్లకు 60 నుంచి 100 కిలోలకు సమానమైన బలం కావాలి. టైరు నొక్కుకుపోయి మళ్లీ సాగే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారడమే దీనికి ప్రధాన కారణం. పైగా బస్సు తన బ్యాటరీ బరువునూ మోసుకు తిరగాలి. అలాగని బస్సుకు సుగుణాలు లేకపోలేదు. దారిలో లారీ ఆగిపోతే బస్సు పక్కనుంచి పోతుంది, ట్రామ్ నిలబడిపోతుంది. తుఫానుకు తెగిపడే తీగలూ బస్సుకు లేవు.

పోటీ వల్ల ధర తగ్గిన మాట నిజం. 2022లో ‘గ్రాండ్ ఛాలెంజ్’ పేరుతో కోల్‌కతా, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్, సూరత్ నగరాల అవసరాన్ని కలిపి 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిచారు. అందులో కోల్‌కతా వాటా 1,180. 12 మీటర్ల బస్సుకు వచ్చిన కనిష్ఠ ధర, ఛార్జింగ్ కరెంటుతో సహా, కిలోమీటరుకు రూ.43.49. ఈ ఒప్పందాల్లో బస్సు గుత్తేదారుదే, నడిపేదీ అతనే. ప్రభుత్వ సంస్థ కిలోమీటర్ల లెక్కన డబ్బు చెల్లించి, టికెట్ల ఆదాయం తాను తీసుకుంటుంది. బస్సులో 40 మంది ఉంటే ఒక్కొక్కరి మీద కిలోమీటరుకు పడే ఖర్చు సుమారు రూ.1.09. 15 మందే ఉంటే అది రూ.2.90. బస్సు నిండినా నిండకపోయినా గుత్తేదారుకు ముట్టేది మాత్రం మారదు. ఖాళీ సీట్ల భారం నగరానిదే.

కాబట్టి పోటీలో గెలవడం కంటే నెలనెలా బిల్లు కట్టగలగడం కష్టం. ఆ చెల్లింపులకు భరోసాగా కేంద్రం 2024లో రూ.3,435 కోట్లతో ప్రత్యేక యంత్రాంగాన్ని ఆమోదించింది. అదే ఏడాది పీఎం ఇ-డ్రైవ్ పథకం కింద 40 లక్షలకు మించిన జనాభా ఉన్న తొమ్మిది నగరాలకు 14,028 బస్సులు ప్రకటించింది. అర్హత గల ఆ తొమ్మిదింటిలో కోల్‌కతా ఉంది. అయితే 2025 మేలో ప్రకటించిన తొలి కేటాయింపు బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, అహ్మదాబాద్, సూరత్‌లకు దక్కింది. హైదరాబాద్‌కే 2,000 బస్సులు వెళ్లాయి. కోల్‌కతా ఆ జాబితాలో లేదు.

ఖిదిర్‌పూర్‌కు పెద్ద పెట్టుబడి మరో దారిలో వస్తోంది. జోకా నుంచి ఎస్ప్లనేడ్‌కు వేస్తున్న పర్పుల్ లైన్ మెట్రో 2024 మార్చిలో మాఝేర్‌హాట్ చేరింది. ఇక ముందున్న భూగర్భ స్టేషన్లలో ఖిదిర్‌పూర్ ఒకటి. దీన్ని నిర్మిస్తున్నది రైల్వే శాఖ, తన సొంత బడ్జెట్‌తో. దీనికోసం ఏ నగరంతోనూ పోటీ పడాల్సిన పనిలేదు, కానీ ఏటా బడ్జెట్‌లో ఎంత రాస్తారన్నదాని మీదే పని వేగం ఆధారపడుతుంది. ట్రామ్ విషయానికొస్తే, ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య వారసత్వ చిహ్నంగా ఒక చిన్న మార్గాన్ని మాత్రమే ఉంచుతామని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ ట్రామ్ ఖిదిర్‌పూర్ దాకా రాదు.