సూక్ష్మరంధ్రాలలో వాయువుల ప్రయాణం

కొత్తకుండలో పోసిన నీరు చల్లబడుతుందని మనకందరికీ తెలుసు. గట్టిగా కనిపించే ఆ మట్టిగోడలో కంటికానని రంధ్రాలున్నాయి. వాటిగుండా నీరు చెమర్చి ఆవిరవుతుంది. వాయువులు కూడ ఇటువంటి రంధ్రాల గుండా ప్రయాణిస్తాయి. అణువులు తమ సహజచలనం వల్ల దట్టంగా ఉన్నచోటి నుండి పలుచగా ఉన్నచోటికి విస్తరించడమే వ్యాపనం.

దీనిని శ్రద్ధగా కొలిచిన తొలితరం శాస్త్రజ్ఞుడు స్కాట్లండుకు చెందిన థామస్ గ్రాహం. ఆయన గాజుగొట్టం పైకొనను ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ళతో మూసి, లోపల ఉదజని నింపి, క్రిందికొనను నీటిలో నిలిపాడు. ఉదజని వెలుపలికి పోయినంత వేగంగా గాలి లోనికి రాలేదు. గొట్టంలో నీటిమట్టం పైకి లేచింది. వ్యాపనవేగం వాయుసాంద్రత యొక్క వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందన్న ఆయన నియమం 1833లో ప్రచురితమైంది.

రంధ్రం ఇంచుమించు అణువంత ఇరుకైనప్పుడు ఈ నియమం చాలదు. జియోలైట్ అనే స్ఫటికాలలో రంధ్రాల వెడల్పు సాధారణంగా ఒక నానోమీటరుకు లోపే. అక్కడ అణువు గోడల ఆకర్షణకు లోబడి, గదినుండి గదికి దూకుతూ సాగుతుంది. స్ఫటికాలను వాయువులో ఉంచి, వాటి బరువు పెరిగే తీరునుబట్టి ఆ వేగాన్ని గణించడం పాతపద్ధతి. 1970వ దశకంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో హారీ ఫైఫర్, యోర్గ్ కెర్గర్ అయస్కాంత అనునాదం ద్వారా స్ఫటికం లోపలి అణుచలనాన్నే నేరుగా కొలిచారు. కొన్ని సందర్భాలలో రెండు ఫలితాలకూ వేలరెట్ల తేడా వచ్చింది!

కారణమేమి? బరువు పెరుగుదలలో వాయువు అంటుకొన్నప్పుడు పుట్టే వేడి, స్ఫటికాల నడుమ సందులు, పైపొరలోని అవరోధాలు కూడ ప్రభావం చూపుతాయి. ఒక పద్ధతి ఇంటిలోని నడకను కొలిస్తే, మరొకటి గడపవద్ద నిరీక్షణను కూడ కలిపి కొలిచిందన్నమాట.

కంప్యూటరు అనుకరణలో ప్రతి అణువుపై పనిచేసే బలాలను లెక్కకట్టి, న్యూటన్ నియమాల ప్రకారం దానిని అడుగడుగునా నడిపిస్తారు. ఒక్కొక్క అడుగు సెకనులో లక్షకోట్లవ వంతు కంటె చిన్నది. అందువల్ల అరుదుగా జరిగే గెంతులు ఈ లెక్కకు అందడం కష్టం. పైగా కంప్యూటరులోని స్ఫటికం సాధారణంగా దోషరహితం, నిజస్ఫటికం అట్లుండదు. కాబట్టి అనుకరణకు కొలత సాక్ష్యం కావాలి. కొలతకు అనుకరణ వివరణ కావాలి.

ఇది కేవలం పండితచర్చ కాదు. 2021లో కోవిడ్ విజృంభించినప్పుడు ప్రవాసులెందరో స్వదేశానికి పంపిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల గుండెకాయ జియోలైటే. గాలిలో 78 శాతమున్న నత్రజనిని అది పట్టుకొని, ప్రాణవాయువును ముందుకు వదలుతుంది. కొద్ది సెకన్లలోనే నత్రజని గుళికలలోనికి చేరాలి, మరల వెలువడాలి. ఆ రాకపోకలు మందగిస్తే రోగికి అందే ప్రాణవాయువు పలుచబడుతుంది. కంటికానని ఆ దారులలో అణువు నడిచే వేగంపై ఒక మనిషి ఊపిరి ఆధారపడి ఉంది.