ఆంజనేయునికి మిరియాల వడమాల

శ్రీ ఆంజనేయస్వామికి సమర్పించే వడల మాలకు వడలు గారెల వలె మెత్తగా ఉండరాదు. తేమ మిగిలిన వడ దారానికి గ్రుచ్చునపుడు విరుగుతుంది, త్వరగా పాడవుతుంది. కావున 200 గ్రాముల మినపప్పును అరగంట మాత్రమే నానబెట్టి, నీరంతా వడకట్టి, బరకగా గట్టిగా రుబ్బుకోవాలి. దంచిన మిరియాలు, జీలకర్ర, ఉప్పు ఒక్కొక్క చిన్న చెంచాడు, బియ్యపు పిండి రెండు చెంచాలు కలపాలి. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. నివేదనకు ముందు రుచి చూడరాదు గనుక కొలతయే ప్రమాణం.

తడిగుడ్డపై పలుచగా తట్టి, నడుమ రంధ్రం చేసి, మధ్యస్థమైన మంటపై నూనెలో వేయించాలి. బుడగలు అణగితే తేమ పోయినట్లు గుర్తు. పూర్తిగా చల్లారిన పిమ్మటనే మాల కట్టాలి. అట్టి వడ స్వామి కంఠసీమ నుండి భక్తుల చేతికి చెక్కుచెదరక ప్రసాదమై చేరుతుంది.