కాతిబ్‌కు చెప్పిన గుర్తులే కంప్యూటర్‌కూ చెప్పాలి

హైదరాబాద్‌: పెళ్ళి కార్డులు కావలసిన వారికీ, పుస్తకం అచ్చువేయించదలచిన వారికీ పాతబస్తీలో ఛత్తాబజార్‌ చిరకాలంగా తెలిసిన చోటు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పుస్తకమంటే కాతిబ్‌ చేతివ్రాతే. ఆయన పూత పూసిన కాగితం మీద రెల్లు కలంతో వ్రాసి ఇస్తే, దానిని లితో రాతి మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. రాతి మీద తప్పులు దిద్దడానికి సంగ్‌సాజ్‌ అని వేరే పనివాడు ఉండేవాడు. అక్షరాలను తిరగవేసి వ్రాయగల నేర్పరి అతడు.

రచయితకు మాత్రం అక్షరాల సొగసుతో నిమిత్తం లేదు. వ్రాతప్రతిలో ఏది శీర్షిక, ఏది పద్యం, ఏది పుట అడుగున వేయవలసిన వివరణ అన్నది తెలియజేస్తే చాలు. ఏది ఎంత లావున ఉండాలో కాతిబ్‌ చూసుకునేవాడు.

1994లో ఇన్‌పేజ్‌ వచ్చాక ఆ పని చాలావరకు కంప్యూటర్‌కు మారింది. తెలుగుకు అనూ ఫాంట్లు వచ్చాయి. పుస్తకాలు త్వరగా వెలువడుతున్నాయి, సంతోషమే. కాని పాత అనూ ఫాంట్లతో కూర్చిన ఫైలును ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పాత ఇన్‌పేజ్‌ ఫైళ్ళదీ ఇంచుమించు ఇదే కథ. మార్చి ఇచ్చే ప్రోగ్రాములున్నా దిద్దుబాట్లు తప్పవు. ఏళ్ళ తరబడి శ్రమించి వ్రాసిన పరిశోధన గ్రంథం కాగితం మీద బతికి, ఫైలులో చచ్చినట్టే.

దీనికి విరుగుడు పాత వ్రాతప్రతి గుర్తులలోనే ఉన్నది. మార్కప్‌ భాషలంటే అవే. యూనికోడ్‌లో మామూలుగా టైపు చేస్తూ, ఇది శీర్షిక, ఇది పాదసూచిక అని పక్కన చిన్న ఆదేశం వ్రాస్తే చాలు. లావు సన్నాలు, పుటల విరుపులు యంత్రం చూసుకుంటుంది. నలభయ్యో పాదసూచిక ముందు కొత్తది చేర్చితే తరువాతి అంకెలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. థీసిస్‌ వ్రాసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ దారి తీసినవాడు ప్రెస్సు మనిషి కాదు, అధ్యాపకుడే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌ ప్రొఫెసర్‌ డోనాల్డ్‌ నూత్‌ 1977లో తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అచ్చు నచ్చక, ‘టెక్‌’ అనే ప్రోగ్రాము తయారీకి తానే పూనుకున్నారు. 1980 దశకంలో లెస్లీ లాంపోర్ట్‌ దానిని తేలిక చేసి ‘లేటెక్‌’గా ఇచ్చారు. రెండూ ఉచితమే. 2004లో జొనాథన్‌ క్యూ ‘జీటెక్‌’ తెచ్చాక యూనికోడ్‌ తెలుగునూ, కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూనూ ఒకే పుటలో కూర్చడం సులువయింది. ఫార్సీ ఫర్మానా ఒకవైపు, తెలుగు అనువాదం ఒకవైపు వేయవలసిన దక్కను చరిత్రకారులకు ఇది చిన్న సదుపాయం కాదు. 1888లో ఈ నగరంలో వెలసిన దాయిరతుల్‌ మఆరిఫ్‌ అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి గ్రంథాలు ప్రచురించిన సంస్థ. పాఠభేదాలతో కుస్తీపట్టే అలాంటి పనికి మార్కప్‌ మరీ అక్కరకు వస్తుంది.

అయితే అధ్యాపకులు దగ్గరకు రాకపోవడానికి కారణం బెదురు. ఒక బ్రాకెట్టు మూయడం మరచినా పని ఆగిపోతుంది. తప్పు ఎక్కడో చెప్పే ఇంగ్లీషు ముక్కలు కొత్తవారికి అంతుపట్టవు. కనుక థీసిస్‌తో మొదలుపెట్టకూడదు. ఒక సెలవు చీటీతోనో, ప్రశ్నపత్రంతోనో ఆరంభించాలి. సహోద్యోగి వద్ద సరిగా నడుస్తున్న ఫైలు అడిగి తెచ్చుకుని, అందులో పేరూ శీర్షికా మార్చి చూడడం అన్నిటికన్న మంచి పాఠం. ఇంకా తేలిక కావాలంటే 2004లోనే వచ్చిన మార్క్‌డౌన్‌ ఉన్నది. శీర్షిక ముందు హాష్‌ గుర్తు, నొక్కి చెప్పవలసిన మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు, అంతే. పాన్‌డాక్‌ అనే ఉచిత ప్రోగ్రాము దానిని లేటెక్‌గానో, వర్డ్‌ ఫైలుగానో మార్చి ఇస్తుంది. ఎప్పుడో ఒక నాలుగు పేజీల వ్యాసం వ్రాసేవారికి ఇంత శ్రమ అనవసరమే. లెక్కలు, పట్టికలు, వందల పాదసూచికలు ఉన్నవారు మాత్రం జాగు చేయరాదు.

ఇప్పటికే పుస్తకాలు వేసినవారికి మరొక పని ఉన్నది. డి.టి.పి. చేసిన దుకాణంలో ఫైలు మిగిలి ఉండగానే అడిగి తెచ్చుకుని, యూనికోడ్‌లోకి మార్పించి, అచ్చుప్రతితో పోల్చి చూసుకోవాలి. దుకాణదారు కొత్త కంప్యూటర్‌ కొన్ననాడు పాతది తూకానికి పోతుంది.