పులిజూదం పలక నుంచి నక్షత్ర నౌకల బల్ల దాకా

తిరుపతి: రచ్చబండ మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం పలకకూ, ఆరడుగుల బల్లపై నల్లగుడ్డ పరచి మోహరించిన అంతరిక్ష నౌకల బొమ్మలకూ పైకి చూస్తే పొంతన కనిపించదు. మొదటిది చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో తాతముత్తాతల నాటి నుంచి ఆడుతున్న ఆట. రెండోది ఇంగ్లండులో పుట్టి, దేశదేశాల్లో వారాంతపు పోటీలుగా విస్తరించిన యుద్ధక్రీడ. అయితే రెండింటిలోనూ ఆటగాడికి ఎదురయ్యే చిక్కు ఒక్కటే. బలాలు సమానం కాని రెండు పక్షాల మధ్య పోరు న్యాయంగా సాగాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పుకొన్న ఆట, దాన్ని అమ్మిన సంస్థ చేతులెత్తేసిన తరువాత కూడా నిలిచింది. నోటి మాటగానే మిగిలిన ఆట ఊరూరా ఒక్కో తీరుగా మారుతూ మరుగున పడుతోంది.

సముద్రం నుంచి ఆకాశానికి

బల్లపై బొమ్మలతో యుద్ధాన్ని అభినయించే పద్ధతి కొత్తదేమీ కాదు. ప్రష్యా సైన్యంలో అధికారి అయిన రైస్విట్జ్ 1824లో తన యుద్ధక్రీడకు నియమావళిని ప్రచురించగా, ఆ సైన్యం దాన్ని అధికారుల శిక్షణకు వాడుకుంది. బ్రిటన్‌లో ఫ్రెడ్ జేన్ 1898లో నౌకాయుద్ధ క్రీడను రూపొందించాడు. నేటికీ రక్షణ రంగ నిపుణులు తిరగేసే ‘జేన్స్ ఫైటింగ్ షిప్స్’ గ్రంథం అదే ఏడాది ఆ ఆటకు తోడుగానే వెలువడిందన్నది గమనార్హం. 1930 దశకంలో న్యూయార్క్‌లో రచయిత ఫ్లెచర్ ప్రాట్ తన మిత్రులతో కలిసి గది నేలనే సముద్రంగా భావించి చిన్న చిన్న యుద్ధనౌకలను నడిపించేవాడు.

సముద్రంపై ఆడిన ఈ ఆటనే తరువాతి తరం ఆకాశానికి ఎత్తింది. 1990 దశకం ఆరంభంలో బ్రిటన్‌లో ‘ఫుల్ థ్రస్ట్’ అనే అంతరిక్ష నౌకాయుద్ధ నియమావళి వెలువడింది. 1999లో గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ సంస్థ ‘బ్యాటిల్‌ఫ్లీట్ గోథిక్’ను విడుదల చేసింది. పేరుకు అంతరిక్షమే అయినా ఈ రెండో ఆటలో ఓడలు తెరచాపల కాలపు యుద్ధనౌకల మాదిరిగానే పక్కలకు ఫిరంగులు అమర్చుకొని, శత్రువు పక్కగా సాగిపోతూ కాల్పులు జరుపుతాయి.

కదలికలోనే కిటుకు

చదరంగంలో వలె ఇక్కడ గళ్లు ఉండవు. సాధారణంగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లే యుద్ధరంగం. దూరాలను టేపుతో కొలుస్తారు. కాల్పుల ఫలితాన్ని ఆరు ముఖాల పాచికలు తేలుస్తాయి. పాచికలు ఉన్నాయి కనుక ఇది అదృష్టపు ఆట అనుకుంటే పొరపాటే.

బ్యాటిల్‌ఫ్లీట్ గోథిక్‌లో లూనార్ తరగతి క్రూయిజర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని వేగం ఒక వంతుకు 20 సెం.మీ. అందులో కనీసం సగమైనా ముందుకు సాగి తీరాలి, నిలబడిపోతానంటే కుదరదు. 10 సెం.మీ. సాగిన తరువాతే అది 45 డిగ్రీల మేరకు తిరగగలదు. అంటే ఎదుట ఉన్న శత్రువు పక్కకు తప్పుకొన్నాడంటే, ఆ నౌకను వెనక్కి మళ్లించడానికి కొన్ని వంతులు పడుతుంది. ఈ తరగతి నౌకకు రెండు పక్కలా ఫిరంగులు, ముందు భాగంలో టార్పెడోలు ఉంటాయి. వెనుక ఏమీ ఉండదు. తోక చిక్కిందంటే దెబ్బలు తినడమే తప్ప తిరిగి కొట్టే వీలుండదు.

చిత్తూరు జిల్లా చరిత్ర తెలిసిన వారికి ఈ తోక బాధ కొత్త కాదు. 1740 మేలో దామలచెరువు కనుమను కాచుకొని ఉన్న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ సేనపై రఘోజీ భోంస్లే నాయకత్వంలోని మరాఠాలు వెనుక నుంచి విరుచుకుపడ్డారు. నవాబు ఆ పోరులోనే ప్రాణాలు కోల్పోయాడు. ఎదురుగా ఎంత బలగం నిలిపినా, శత్రువు ఏ దిక్కు నుంచి వస్తాడో ముందే లెక్క వేయకపోతే ఆ బలగం అక్కరకు రాదు.

క్రూయిజర్ ఎనిమిది దెబ్బలకు ఓరుస్తుంది. నాలుగు తగిలేసరికి కుంటుపడి, దాని ఆయుధ బలం సగానికి పడిపోతుంది, వేగమూ 5 సెం.మీ. తగ్గుతుంది. నౌకాధిపతుల సామర్థ్యాన్ని ఆట ఆరంభంలోనే పాచిక వేసి నిర్ణయిస్తారు. అది 6 నుంచి 9 వరకు ఉంటుంది. అతివేగంగా దూసుకుపోవాలన్నా, గురిని స్థిరంగా నిలపాలన్నా ప్రత్యేక ఆజ్ఞ కావాలి. రెండు పాచికల మొత్తం నౌకాధిపతి సామర్థ్యానికి మించితే ఆజ్ఞ విఫలమవుతుంది. అంతటితో ఆ వంతుకు తక్కిన నౌకలకూ అటువంటి ఆజ్ఞలు ఇచ్చే అవకాశం పోతుంది. అందుకే అనుభవజ్ఞులు అన్నిటికన్నా అవసరమైన ఆజ్ఞనే ముందుగా ఇస్తారు. పాచికను శాసించలేకపోయినా, దాన్ని ఎప్పుడు వేయాలో నిర్ణయించుకోవడం ఆటగాడి చేతిలోనే ఉంటుంది.

ఫుల్ థ్రస్ట్ పద్ధతి వేరు. కిందటి వంతులో అందుకున్న వేగం నౌకకు అలాగే ఉండిపోతుంది. ఇంజిన్ శక్తి మేరకే దాన్ని పెంచగలరు లేదా తగ్గించగలరు. ఇద్దరు ఆటగాళ్లూ తమ ఆజ్ఞలను రహస్యంగా కాగితంపై రాసుకొని, ఆపై ఒకేసారి నౌకలను కదుపుతారు. శ్రీహరికోట ప్రయోగాలను మేడలెక్కి చూసే సూళ్లూరుపేట, నాయుడుపేట వాసులకు ఈ సూత్రం సులువుగానే బోధపడుతుంది. 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగే వరకు దారిపొడవునా ఇంజిన్ మండిస్తూ పోలేదు. కొద్దిసార్లు మాత్రమే మండించి, తక్కిన ప్రయాణమంతా అందుకున్న వేగంతోనే సాగింది. ఫుల్ థ్రస్ట్ ఆటగాడు చేసేదీ దాదాపు అదే.

పాయింట్ల తక్కెడ

ఇక అసలు చిక్కుకు వస్తే, రెండు దళాలూ ఒకే విధంగా ఉండాలన్న నియమం ఈ ఆటలో లేదు. ఒకరు భారీ యుద్ధనౌకలను నమ్ముకుంటే, మరొకరు చిన్న నౌకల గుంపును దించవచ్చు. వీటిని తూచడానికి ప్రతి నౌకకూ ఒక ధర కట్టారు. లూనార్ క్రూయిజర్ 180 పాయింట్లు, స్వోర్డ్ తరగతి చిన్న నౌక 35, ఎంపరర్ తరగతి మహానౌక 365. పోటీలో ఇద్దరికీ ఒకే మొత్తం, ఉదాహరణకు 1,500 పాయింట్లు, కేటాయిస్తారు. ఆ సొమ్ముతో ఎవరికి నచ్చిన దళాన్ని వారు కూర్చుకోవాలి.

చెప్పినంత తేలికగా ఈ తక్కెడ కుదరలేదు. ఒక నౌక విలువ దాని పక్కన ఏముందన్న దానిపై ఆధారపడుతుంది. ఒంటరి చిన్న నౌక 35 పాయింట్లకు దండగే కావచ్చు, అదే నలుగురితో కలిస్తే అంతకు మించి పనిచేయవచ్చు. అందువల్ల ధరలను ఆటగాళ్లే ఏళ్ల తరబడి పోటీల్లో ఆడి చూసి సవరించుకుంటూ వచ్చారు.

మూడు పులులు, పదిహేను మేకలు

ఇదే చిక్కును పులిజూదం ఎన్నడో ఎదుర్కొంది. పలక శిఖరాన ఒక బిందువు ఉంటుంది. అక్కడి నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. అడ్డగీతల కొసలను ఇరువైపులా నిలువు గీతలు కలుపుతాయి. అడుగున నాలుగు గీతల కొసలనూ కలుపుతూ మరో గీత ఉంటుంది. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. పులులు మూడు, మేకలు పదిహేను. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలు.

పులులు ముందే పలకపై ఉంటాయి. మేకలను వంతుకు ఒకటి చొప్పున దించుతారు. పక్కనున్న మేక మీదుగా దూకి అవతలి ఖాళీ చోటికి చేరితే ఆ మేక పులికి చిక్కినట్టు. మేక దూకలేదు. పులులను ఎటూ కదలనీయకుండా కట్టేయడమే దాని గెలుపు. వెనుక ఖాళీ లేని మేకను పులి ఏమీ చేయలేదు కనుక, తెలిసిన వారు మేకలను ముందుగా అంచుల్లో దించి, క్రమంగా లోపలికి కట్టుకుంటూ వస్తారు. కొత్తవారు పులిని తరుముదామని నడుమ దించి నష్టపోతారు. చదరంగంలో ఇరుపక్షాలూ ఒకే బలగంతో మొదలవుతాయి. ఈ ఆటలో సంఖ్య ఒకరి వైపు, శక్తి మరొకరి వైపు. నక్షత్ర నౌకల ఆటకు దగ్గరి చుట్టం చదరంగం కాదు, పులిజూదమే.

మూడుకు పదిహేను సరిజోడేనా అన్న సందేహం సహజం. ఈ కుటుంబానికే చెందిన నేపాల్ ఆట ‘బాగ్‌చాల్’లో నాలుగు పులులు, ఇరవై మేకలు ఉంటాయి. ఇరువురూ తప్పు లేకుండా ఆడితే ఆ ఆట ఎవరి గెలుపూ కాకుండా ముగుస్తుందని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు 2000 దశకంలో కంప్యూటర్ గణనతో నిరూపించారు. ఏ గణనా చేయని పల్లె ఆటగాళ్లు అంత సున్నితమైన తూకాన్ని ఎలా పట్టుకోగలిగారన్నది ఆశ్చర్యం కలిగించే విషయమే. పులిజూదం పలక వేరు కనుక ఆ ఫలితాన్ని నేరుగా దీనికి అన్వయించలేం. ఆడేవారికి మాత్రం ఒక సులువైన మార్గం ఎప్పటి నుంచో తెలుసు: ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకోవడం.

పోటీ జరిగే తీరు

నౌకాదళ పోటీల్లో ఓడినవారిని ఇంటికి పంపే పద్ధతి అరుదు. 1895లో జ్యూరిచ్ చదరంగ పోటీలో మొదటగా వాడిన స్విస్ పద్ధతినే ఇక్కడా అనుసరిస్తారు. ప్రతి దఫాలో సమాన పాయింట్లు సాధించిన వారిని జతచేస్తారు. ఓడినవారు తమ స్థాయి వారితో ఆడుతూ చివరి దఫా వరకు పోటీలోనే ఉంటారు. ఒక్కో ఆటకు రెండు గంటలకు పైగా పడుతుంది. ఒక్క రోజులో మూడు దఫాలకు మించి సాగవు. డ్రాలు లేకపోతే ఎనిమిది మందికి మూడు దఫాలు, పదహారు మందికి నాలుగు దఫాలు చాలు, ఓటమి ఎరుగని విజేత ఒక్కరే తేలుతారు.

తగాదాలు తప్పవు. నౌక పక్క నుంచి కాల్చిందా, వెనుక నుంచా? దూరం 30 సెం.మీ. లోపా, బయటా? మోచేయి తగిలి బొమ్మ జరిగితే ఎక్కడ పెట్టాలి? ఇటువంటివి తేల్చడానికి న్యాయనిర్ణేత ఉంటాడు. ఆయన తీర్పుకు ఆధారం ఆయన అభిప్రాయం కాదు, బల్ల పక్కన తెరిచి ఉన్న నియమావళి.

పుస్తకమే ప్రాణం పోసింది

బ్యాటిల్‌ఫ్లీట్ గోథిక్ అమ్మకాలను ఆ సంస్థ 2013లో నిలిపివేసింది. బొమ్మలు దొరకని ఆటకు అంతటితో నూకలు చెల్లాలి. అలా జరగలేదు. నియమావళి ఆటగాళ్ల చేతుల్లో ఉంది. వారే దాన్ని సవరించి, విస్తరించి, పాత బొమ్మలతోనూ సొంతంగా చేసుకున్న బొమ్మలతోనూ పోటీలు కొనసాగించారు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు అపరిచితులు బల్లకు అటూ ఇటూ కూర్చోగానే ఆట మొదలుపెట్టగలరు.

పులిజూదంలో ఆ వీలు లేదు. ఒకచోట పులి ఒక దూకుకు ఒక్క మేకనే తినాలంటారు, మరోచోట వరుసగా దూకవచ్చంటారు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? కొందరు ఐదంటారు, కొందరు ఇంకా ఎక్కువంటారు. మేకలన్నీ దిగకముందే దిగిన మేకను కదపవచ్చా అన్నదీ వివాదమే. ఒకే రచ్చబండ దగ్గర ఆడుకునే వారికి ఇవి అడ్డంకులు కావు, పెద్దవారు చెప్పిందే నియమం. రెండు మండలాల జట్లు తలపడాల్సి వచ్చినప్పుడే ఆట కన్నా వాదన పెద్దదవుతుంది. సంక్రాంతి సంబరాల్లో ముగ్గులు, కబడ్డీ పోటీలకు దక్కే చోటు పులిజూదానికి దక్కకపోవడానికి సెల్‌ఫోన్లను నిందించడం తేలిక. ఒప్పుకొన్న నియమం ఒక్క పేజీ కూడా లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

నిర్వాహకులకు ఖర్చు అడ్డు కాదు. నౌకాదళ ఆటను అట్టముక్కల మీద పేర్లు రాసుకొని మొదలుపెట్టినా చెల్లుతుంది, టేపు, పాచికలు ఉంటే చాలు. పులిజూదానికైతే కాసిని కొయ్య బొమ్మలు చాలు. కొయ్య శిల్పాలకు పేరొందిన శ్రీకాళహస్తి సమీపంలోని మాధవమాలలో అంగుళం ఎత్తు పులులు, మేకలు చెక్కించడం పెద్ద పనేమీ కాదు. పలకను శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డపై రాయించుకోవచ్చు.

నౌకల పోటీల నుంచి పులిజూదానికి తెచ్చుకోవలసినవి మూడే అంశాలు. జతపడిన ఇద్దరూ రెండేసి ఆటలు ఆడి పక్షాలు మార్చుకోవాలి. పులుల పక్షాన ఉన్నప్పుడు ఎవరు ఎక్కువ మేకలను పట్టారో వారికి ఆ దఫా దక్కాలి. సమానమైతే తక్కువ ఎత్తుల్లో పులులను కట్టేసినవారిని విజేతగా ప్రకటించాలి. ఒక దూకుకు ఒక మేక, పదిహేనూ దిగే వరకు మేక కదలరాదు అన్న రెండు వాక్యాలను పోటీకి ముందే గోడపై అంటిస్తే న్యాయనిర్ణేతకు సగం పని తప్పుతుంది. ఆటకు ఇరవై నిమిషాల గడువు పెట్టుకున్నా, ఎనిమిది మందితో మూడు దఫాల పోటీ ఒక్క పూటలో ముగుస్తుంది.