పసిబిడ్డల ఆటవస్తువులు: థాలేట్ల పరీక్ష

పసిబిడ్డ చేతికందిన ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. దంతములు వచ్చు కాలమున చిగుళ్లు దురదపెట్టగా మెత్తని బొమ్మను విడువక చప్పరించుచుండును. కావున ఆ మెత్తదనము దేనివలన కలిగినదో తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరము.

పి.వి.సి. అను ప్లాస్టిక్ సహజముగా గట్టిది. దానిని మెత్తబరచుటకు థాలేట్లు అను నూనెవంటి ద్రవములను కలుపుదురు. మెత్తని వస్తువు బరువులో మూడవ వంతు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఇవియే ఉండవచ్చును. ఇవి ప్లాస్టిక్‌తో గట్టిగా బంధింపబడక, దాని నడుమ నిలిచియుండును. అందువలన చప్పరించినపుడు లాలాజలములోనికి దిగును. వేడిగాని కొవ్వుగాని తగిలినచో మరింతగా వెలికి వచ్చును.

డి.ఇ.హెచ్.పి., డి.బి.పి., బి.బి.పి. అను మూడు థాలేట్లను చూలి ఎలుకలకు ఇచ్చి పరీక్షించగా, పుట్టిన మగపిల్లలలో జననేంద్రియముల పెరుగుదల చెడినట్లు తేలినది. శిశువు శరీరము చిన్నది. అవయవములు ఇంకను రూపొందుచుండును. కనుకనే ఈ జాగ్రత్త.

కంటితో చూచిగాని వాసన పట్టిగాని వీటిని గుర్తింపజాలము. పరీక్షశాలలో వస్తువును చిన్న ముక్కలుగా కోసి, తూచి, ద్రావకముతో థాలేట్లను వెలికి తీయుదురు. ఆ ద్రావణమును రెండు భాగములుగల యంత్రములోనికి పంపుదురు. మొదటి భాగమైన గ్యాస్ క్రొమటోగ్రాఫు కలిసియున్న పదార్థములను విడదీయును. రెండవదియగు మాస్ స్పెక్ట్రోమీటరు అణువుల తునకల ద్రవ్యరాశినిబట్టి ఏది ఏదియో, ఎంత ఉన్నదో తెలుపును.

పై మూడు థాలేట్లు పిల్లల వస్తువులలో 0.1 శాతమునకు, అనగా కిలోకు 1 గ్రామునకు, మించరాదని యూరోపియన్ యూనియన్ 2005లోను, అమెరికా 2008లోను శాసనములు చేసినవి. మన దేశమున 14 ఏండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరియైనది. ఆ గుర్తుకై విధించిన ప్రమాణములలో థాలేట్లకు సంబంధించినదియు ఒకటి.

తల్లిదండ్రులు చేయదగినవి:

1. ఐ.ఎస్.ఐ. గుర్తు, దానితోపాటు లైసెన్సు సంఖ్య ఉన్న ఆటవస్తువులనే కొనవలెను.

2. పాతబడి జిగటగా మారిన మెత్తని ప్లాస్టిక్ బొమ్మలను బిడ్డకు ఈయరాదు.

3. వేడి ఆహారమును ప్లాస్టిక్ గిన్నెలలో ఉంచరాదు. స్టీలు గిన్నె, చెంచా మేలు.

4. మొదటి ఆరు మాసములు తల్లిపాలే ఈయవలెను.

ఉగ్గుగిన్నెతో బిడ్డలను పెంచిన ఇండ్లలో ఈ జాగ్రత్తలు కష్టమైనవి కావు. కొనుటకు ముందు ఒక్క నిమిషము గుర్తును పరిశీలించుట బిడ్డకు చేయు మేలు.