మీ ఫోన్ మీకు వంత పాడుతోందా? ఎకో చాంబర్ అంటే ఏంటి.. అందులోంచి బయటపడేదెలా?

పండక్కి అందరూ ఊరికి వచ్చారనుకోండి. భోజనాలయ్యాక వసారాలో బావ, బావమరిది ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఈసారి ఎన్నికల్లో గెలిచేదెవరు అన్న మాట వచ్చింది. "జనం మొత్తం మావైపే ఉన్నారు బావా, కావాలంటే చూడు" అని బావమరిది ఫోన్ చూపించాడు. "నువ్వే లోకంలో ఉన్నావ్ రా? ఇది చూడు ముందు" అని బావ తన ఫోన్ తీశాడు. రెండు ఫోన్లలోనూ కిక్కిరిసిన సభలే. రెండింట్లోనూ లక్షల్లో వ్యూస్. కింద కామెంట్లలోనూ ఒకటే మాట.. "గెలుపు మనదే".

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి ఫోన్‌లో కనిపించింది వాళ్లు చెబుతున్నారు. చిక్కల్లా ఏంటంటే, ఒకే ఇంట్లో ఒకే వైఫై వాడుతున్నా ఇద్దరికీ రెండు వేర్వేరు లోకాలు కనిపిస్తున్నాయి. ఇలా మన అభిప్రాయమే మనకు పదే పదే తిరిగి వినిపించే పరిస్థితిని ఎకో చాంబర్ అంటారు.

ఎకో చాంబర్ అంటే?

నూతిలోకి తొంగిచూసి గట్టిగా అరిస్తే మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది. అవతల ఎవరో బదులిస్తున్నట్టే ఉంటుంది కానీ, అక్కడ ఎవరూ ఉండరు. ఎకో చాంబర్ కూడా అలాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ అవతల నిజంగానే వేలమంది ఉంటారు. కాకపోతే అందరూ మనలాంటి వాళ్లే.

ఈ మాట కొత్తదేమీ కాదు. అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కాస్ సన్‌స్టీన్ 2001లోనే 'రిపబ్లిక్ డాట్ కామ్' పుస్తకంలో ఈ ప్రమాదం గురించి రాశారు. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, యూట్యూబ్ లేదు. 2011లో ఎలీ పారిసర్ అనే అమెరికన్ 'ఫిల్టర్ బబుల్' అనే పేరు తెచ్చారు. తనకు భిన్నమైన రాజకీయ అభిప్రాయాలున్న స్నేహితుల పోస్టులు తన ఫేస్‌బుక్ ఫీడ్‌లో కనిపించకుండా పోవడాన్ని ఆయన గమనించారు. వాళ్లను ఆయన తీసేయలేదు. వాళ్ల లింకులను తక్కువగా క్లిక్ చేశారంతే. మిగతా పని ఫేస్‌బుక్ చేసేసింది.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. వాళ్లు తందాన అంటూనే మధ్యమధ్యలో "అదెలా?" అని అడ్డు తగులుతారు, జోకులేస్తారు, కథకుడిని నిలదీస్తారు. ఫోన్‌లోని వంత అలా కాదు. తందాన తప్ప రెండో మాట అనదు.

అల్గారిథమ్ ఏం లెక్కపెడుతుంది?

అల్గారిథమ్‌కు పార్టీ ఉండదు, కులం ఉండదు, అభిమాన హీరో ఉండడు. ఫోన్ తెరిచిన ప్రతిసారీ అది ఒక అంచనా మాత్రమే వేస్తుంది. ఇప్పుడు ఏ వీడియో పెడితే ఈ మనిషి ఆగి చూస్తాడు? దేనికి కామెంట్ పెడతాడు? ఏది పక్కవాళ్లకు పంపిస్తాడు?

ఆ అంచనాకు ఆధారం మనం నొక్కే లైక్ ఒక్కటే కాదు. ఎంతసేపు చూశాం, మధ్యలో వదిలేశామా, మళ్లీ వెనక్కి తిప్పి చూశామా, ఎవరికైనా షేర్ చేశామా.. ఇలాంటివన్నీ లెక్కలోకి వస్తాయి. యూట్యూబ్ 2012లోనే వ్యూస్ సంఖ్య కంటే జనం చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. తమ దగ్గర జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా రికమెండేషన్ల ద్వారానే వస్తోందని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018లో చెప్పారు. అంటే చూసేవాటిలో ఎక్కువ భాగం మనం వెతుక్కున్నవి కావు. మన ముందు పెట్టినవి.

కోపం వచ్చినా లెక్క ఒకటే

ఇక్కడే చాలామంది పొరబడతారు. "నాకు నచ్చినవే కాదు, అవతలి పార్టీ వీడియోలు కూడా నాకు వస్తాయి కదా" అంటారు. వస్తాయి. కానీ ఎలాంటివి వస్తున్నాయో ఒకసారి గమనించండి. అవతలి వైపు నుంచి పద్ధతిగా మాట్లాడేవాళ్లు పెద్దగా కనిపించరు. బూతులు తిట్టేవాళ్లు, రెచ్చగొట్టేవాళ్లే కనిపిస్తారు.

ఎందుకంటే ఒంటికాలి మీద లేచి తిట్టడానికైనా ఆ వీడియోను చివరిదాకా చూస్తాం. కింద నాలుగు మాటలు రాస్తాం. "వీడు ఏం వాగాడో చూడండి" అని గ్రూపులో పెడతాం. లెక్కలో అది ఆసక్తి కిందే పడుతుంది.

ఇందుకు ఫేస్‌బుక్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 2017లో ఆ సంస్థ ఎమోజీ రియాక్షన్లకు మామూలు లైక్ కంటే 5 రెట్లు ఎక్కువ విలువ ఇచ్చింది. అందులో కోపంగా ఉన్న ఎమోజీ కూడా ఉంది. అలా కోపం తెప్పించే పోస్టులు ఎక్కువమందికి చేరడం మొదలైంది. ఇది మంచిది కాదని సంస్థలోని ఉద్యోగులే హెచ్చరించారు. చివరికి 2020లో ఆ కోపం ఎమోజీ విలువను సున్నాకు తగ్గించారు. ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని 2021లో బయటపెట్టిన అంతర్గత పత్రాల ద్వారా ఈ విషయం ప్రపంచానికి తెలిసింది.

వీడియోలు చేసేవాళ్లకూ ఈ లెక్క తెలుసు. అందుకే థంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాలు, "దిమ్మతిరిగే కౌంటర్" లాంటి టైటిళ్లు. న్యూస్ చానళ్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

మూడు వారాల్లోనే..

అదే పత్రాల్లో మన దేశానికి సంబంధించిన ఒక ప్రయోగం కూడా ఉంది. 2019 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పరిశోధకులు ఒక సాధారణ భారతీయ యూజర్ పేరుతో టెస్ట్ అకౌంట్ తెరిచారు. ఫేస్‌బుక్ ఏ పేజీలు, ఏ గ్రూపులు చూపిస్తే వాటినే ఫాలో అయ్యారు. సొంతంగా ఏమీ ఎంచుకోలేదు. అదే నెలలో పుల్వామా దాడి జరిగింది. మూడు వారాలు తిరిగేసరికి ఆ ఫీడ్ విద్వేషంతో, నకిలీ ఫొటోలతో, శవాల చిత్రాలతో నిండిపోయింది. అప్పటిదాకా జీవితం మొత్తంలో చూసినదానికంటే ఎక్కువ శవాల చిత్రాలను ఆ మూడు వారాల్లోనే చూడాల్సి వచ్చిందని పరిశోధనలో పాల్గొన్న ఉద్యోగి నివేదికలో రాశారు.

తప్పంతా అల్గారిథమ్‌దేనా?

కాదు. ఇందులో మన వాటా కూడా ఉంది.

ఫేస్‌బుక్ పరిశోధకులు అమెరికాలో కోటి మందికి పైగా యూజర్ల డేటాను పరిశీలించి 2015లో 'సైన్స్' జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. భిన్నాభిప్రాయాలున్న వార్తలను అల్గారిథమ్ కొంత తగ్గిస్తోందని, అయితే ఎవరితో స్నేహం చేయాలి, ఏది క్లిక్ చేయాలి అన్న మనుషుల సొంత ఎంపికే అంతకంటే ఎక్కువ తగ్గిస్తోందని అందులో తేలింది. 2020 అమెరికా ఎన్నికల సమయంలో కొంతమంది యూజర్లకు మూడు నెలల పాటు అల్గారిథమ్ లేని ఫీడ్ ఇచ్చి చూశారు. వాళ్లు ఆ యాప్‌లలో గడిపే సమయం తగ్గింది కానీ, రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఈ ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

వాట్సాప్ సంగతే చూడండి. గ్రూపులో మెసేజ్‌లు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. ఏది ముందు చూపించాలో నిర్ణయించే రికమెండేషన్ లెక్క అక్కడ లేదు. అయినా ఎకో చాంబర్ తయారవుతుంది. ఎందుకంటే గ్రూపులో అందరూ మనవాళ్లే. ఎవరైనా "ఇది నిజమేనా?" అని అడిగితే మిగతావాళ్లు విరుచుకుపడతారు. రెండుసార్లు అలా జరిగాక ఆ మనిషి నోరు మూసుకుంటాడు, లేదా గ్రూపులోంచి వెళ్లిపోతాడు. ఆ తర్వాత అడిగేవాళ్లే ఉండరు.

దాని ఫలితం ఎంతదాకా వెళ్తుందో 2018లో తెలుగు రాష్ట్రాలు కూడా చూశాయి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. దేశంలో చాలాచోట్ల అమాయకులపై మూకదాడులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ సమయంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊళ్ల బాట పట్టారు. డప్పు వాయించి, జానపద పాటలు పాడించి, ఆ వీడియోలు నిజం కావని జనానికి ఎదురుగా నిలబడి చెప్పారు. ఫోన్‌లో పాకిన పుకారును ముఖాముఖి మాటతో అడ్డుకున్నారు.

అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి 5 చాట్‌లకు పరిమితం చేసే ప్రయత్నం మొదలుపెట్టింది.

మరి బయటపడాలంటే ఏం చేయాలి?

ఫోన్ పక్కన పారేయాల్సిన పనిలేదు. కొన్ని అలవాట్లు మార్చుకుంటే చాలు.

1. ఫాలోయింగ్ ఫీడ్ వాడండి: ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎక్స్‌లో 'ఫాలోయింగ్' అనే ఆప్షన్ ఉంటుంది. ఫేస్‌బుక్‌లో 'ఫీడ్స్' ఉంటుంది. అందులో మీరు ఎంచుకున్నవాళ్ల పోస్టులే కనిపిస్తాయి. అయితే మీరు ఫాలో అయ్యేవాళ్లంతా ఒకే వైపు వాళ్లయితే దీనివల్ల లాభం లేదు. ముందు ఆ లిస్ట్ ఒకసారి చూసుకోండి.

2. యూట్యూబ్‌కు వద్దని చెప్పండి: వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'నాట్ ఇంట్రెస్టెడ్', 'డోంట్ రికమెండ్ చానల్' అని కనిపిస్తాయి. మొహమాటం లేకుండా వాడండి. వాచ్ హిస్టరీని డిలీట్ చేయొచ్చు, ఆపేయొచ్చు కూడా. ఆటోప్లే ఆఫ్ చేస్తే తర్వాతి వీడియో ఏంటన్నది మీ చేతిలో ఉంటుంది.

3. ఇన్‌స్టాను రీసెట్ చేయండి: రికమెండేషన్లను మొదటికి తెచ్చే రీసెట్ సదుపాయాన్ని ఇన్‌స్టాగ్రామ్ 2024 నవంబర్‌లో ప్రకటించింది. రీల్స్ అన్నీ ఒకే రకంగా వస్తున్నాయనిపిస్తే సెట్టింగ్స్‌లో వెతికి వాడి చూడండి.

4. కోపం తెప్పిస్తే దాటేయండి: తిట్టడానికి కూడా కామెంట్ పెట్టొద్దు, షేర్ చేయొద్దు. మీ తిట్టు ఆ వీడియోకు ప్రచారమే.

5. ముక్క కాదు, మొత్తం చూడండి: 30 సెకన్ల క్లిప్ చూసి ఎవరినీ అంచనా వేయొద్దు. అసెంబ్లీ ప్రసంగమైనా, సినిమా ఫంక్షన్ స్పీచ్ అయినా పూర్తి వీడియో వెతకండి. అదే వార్తను ఇంకో రెండు చోట్ల మీరే టైప్ చేసి చదవండి.

6. అవతలి వైపు మర్యాదస్తుడిని వెతకండి: ఎదుటి పక్షం పోస్టులు చూస్తే చాలు, మారిపోతాం అనుకోవద్దు. అమెరికాలో ట్విటర్ యూజర్లకు నెల రోజుల పాటు వ్యతిరేక పక్షం పోస్టులు చూపిస్తే, రిపబ్లికన్లు తమ పాత అభిప్రాయాలను ఇంకా గట్టిగా పట్టుకున్నారని 2018లో వెలువడిన క్రిస్ బెయిల్ బృందం అధ్యయనంలో తేలింది. అందుకే ఎవరిని వింటున్నామన్నది ముఖ్యం. మీతో ఏకీభవించకపోయినా మర్యాదగా, ఆధారాలతో మాట్లాడే ఒకరిద్దరిని ఫాలో అవ్వండి.

7. గ్రూపులో అడిగేవాడిని ఉండనివ్వండి: "ఇది ఎక్కడిది? ఎప్పటిది?" అని అడిగిన మనిషిని తిట్టొద్దు. ఆ గ్రూపులో మీకు మేలు చేస్తున్నది ఆ ఒక్కడే కావొచ్చు.

ఇక ఏ సెట్టింగ్‌తోనూ పనిలేని పద్ధతి ఇంకోటి ఉంది. ఈసారి వసారాలో వాదన మొదలైతే ఫోన్ చూపించి అరవడం కాకుండా, ఫోన్లు మార్చుకోండి. "బావా, పది నిమిషాలు నీ యూట్యూబ్ నేను చూస్తా, నాది నువ్వు చూడు" అనండి. అవతలి మనిషి రోజూ ఏం చూసి అలా మాట్లాడుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఓటు మారకపోవచ్చు. కానీ సాయంత్రం టీ వేళకు ఇద్దరూ మాట్లాడుకునే పరిస్థితి అయితే ఉంటుంది.